కడలిపై మేఘంలో నీరెంత?

మేఘం కంటికి కనిపించినంత మాత్రాన అందులో నీరెంత ఉన్నదో తెలియదు. నేలపై కురిసిన వానను వర్షమాపకంతో కొలుస్తాము. కాని భూగోళంలో నూటికి 71 పాళ్లు ఆక్రమించిన సముద్రాలపై వర్షమాపకాలను వరుసగా నిలిపే వీలు లేదు. మన పంటలకు ఆధారమైన నైరుతి రుతుపవనాలు నీటిని కూడగట్టుకొనేది హిందూ మహాసముద్రం మీదనే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తి వేలాది ప్రజలను బలిగొన్న తుపాను బలం పుంజుకొన్నది బంగాళాఖాతం మీదనే. కనుక కడలిపై మేఘాలలోని నీటిని కొలవడం కేవలం శాస్త్రజ్ఞుల కుతూహలానికి సంబంధించిన విషయం కాదు.

ఆవిరి చల్లబడి నీటి బిందువులుగా మారేటప్పుడు ప్రతి గ్రాముకు సుమారు 580 కాలరీల వేడి వెలువడుతుంది. తుపానుకు శక్తినిచ్చేది ఈ వేడియే. అంతేకాక, మేఘంలో నీరెంత ఉన్నదన్న దానిని బట్టి అది సూర్యకాంతిని ఎంతమేరకు తిప్పి పంపుతుందో నిర్ణయమవుతుంది. భూమి వేడిమి లెక్కలలో ఇది ముఖ్యమైన అంశం.

చల్లగా కనిపించే సముద్రం

ఉపగ్రహం తీసే మామూలు ఛాయాచిత్రంలో మేఘం పైభాగమే కనబడుతుంది. పరారుణ కిరణాలు సైతం దట్టమైన మేఘాన్ని దాటి రాలేవు. వీటికి భిన్నంగా, కొన్ని మిల్లీమీటర్ల నుండి కొన్ని సెంటీమీటర్ల వరకు తరంగదైర్ఘ్యం గల సూక్ష్మతరంగాలు, అనగా మైక్రోవేవ్‌లు, మేఘం గుండా రాగలవు. ప్రతి వస్తువూ తన వేడిమిని అనుసరించి ఇట్టి తరంగాలను కొద్దిగా వెలువరిస్తూనే ఉంటుంది. ఈ బలహీనమైన తరంగాలను పట్టి కొలిచే సాధనమే మైక్రోవేవ్ రేడియోమీటరు. ఇది రాడారు వలె తానుగా తరంగాలను పంపదు. వచ్చినవాటిని స్వీకరిస్తుంది, అంతే.

సముద్రజలం అసలు వేడిమి 300 కెల్విన్ డిగ్రీలకు దగ్గరగా ఉన్నప్పటికీ, ఆ వేడిమికి తగిన సూక్ష్మతరంగ శక్తిలో దాదాపు సగం మాత్రమే అది వెలువరిస్తుంది. అందువలన రేడియోమీటరుకు సముద్రం చల్లగా కనిపిస్తుంది. ఆ చల్లని నేపథ్యంపై మేఘం వచ్చి నిలిస్తే, అందులోని నీటి బిందువులు తమ తరంగాలను తాము వెలువరిస్తాయి. అప్పుడు అదే చోటు వెచ్చగా కనిపిస్తుంది. ఎంత వెచ్చగా కనిపిస్తే అంత నీరు ఉన్నదన్నమాట. నేల సంగతి వేరు. పొడినేల తన శక్తిలో నూటికి 90 పాళ్ల వరకు వెలువరిస్తుంది గనుక వెచ్చని నేపథ్యంలో వెచ్చని మేఘం కలిసిపోతుంది. ఈ పద్ధతి సముద్రాలకే అనువైనది కావడానికి కారణం ఇదే.

మరొక సౌలభ్యం కూడ ఉన్నది. మేఘబిందువు వ్యాసం సాధారణంగా మిల్లీమీటరులో వందో వంతు మాత్రమే. అది తరంగదైర్ఘ్యం కంటె ఎంతో చిన్నది కనుక బిందువుల పరిమాణంతో నిమిత్తం లేకుండా మొత్తం నీటి బరువే లెక్కకు వస్తుంది.

ఆవిరినీ నీటినీ వేరు చేయడం

ఘనపు మీటరుకు 0.2 గ్రాముల నీరు గల మేఘం ఒక కిలోమీటరు మందాన ఉన్నదనుకొందాము. చదరపు మీటరు మేర సముద్రంపై ఆ నీరు 200 గ్రాములు. పరచి చూస్తే 0.2 మిల్లీమీటరు పొర. అదే మేఘం 100 కిలోమీటర్ల పొడవు, 100 కిలోమీటర్ల వెడల్పున వ్యాపిస్తే అందులోని నీరు 20 లక్షల టన్నులు! అయితే రుతుపవన కాలంలో అదే చోట గాలిలోని ఆవిరినంతా నీరుగా మార్చితే 50, 60 మిల్లీమీటర్ల పొర ఏర్పడుతుంది. ఇంత ఆవిరి నడుమ అంత స్వల్పమైన నీటిని గుర్తించడమెట్లు?

ఒకటికి మించిన పౌనఃపున్యాలలో కొలవడమే దీనికి ఉపాయం. నీటి ఆవిరి 22.235 గిగాహెర్ట్జ్ వద్ద ప్రత్యేకంగా స్పందిస్తుంది. మేఘజలానికి అట్టి ప్రత్యేక స్థానమేదీ లేదు. పౌనఃపున్యం పెరిగినకొద్దీ దాని ప్రభావం క్రమంగా పెరుగుతుంది. రెండు మూడు కొలతలను సరిపోల్చి ఆవిరి భాగాన్నీ నీటి భాగాన్నీ విడదీస్తారు.

మన ప్రయత్నాలు

1968లో సోవియట్ యూనియన్ ప్రయోగించిన కాస్మోస్-243 ఉపగ్రహం ఈ మార్గానికి నాంది పలికింది. 1979 జూన్ 7న సోవియట్ రాకెట్‌పై రోదసికి వెళ్లిన మన భాస్కర-1లో 'సమీర్' అనే రేడియోమీటరు 19.35, 22.235 గిగాహెర్ట్జ్‌ల వద్ద పనిచేసింది. 1981 నవంబరు 20న వెళ్లిన భాస్కర-2లో 31.4 గిగాహెర్ట్జ్ కూడ చేరింది. మేఘజలం ప్రభావం 19.35 కంటె ఇక్కడ దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ. 1999 మే 26న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఓషన్‌శాట్-1లో నాలుగు పౌనఃపున్యాల రేడియోమీటరును అమర్చారు.

2011 అక్టోబరు 12న భారత, ఫ్రాన్సు దేశాల ఉమ్మడి ఉపగ్రహమైన మేఘా-ట్రాపిక్స్ కూడ శ్రీహరికోట నుండియే బయలుదేరింది. అది భూమధ్యరేఖకు 20 డిగ్రీల వాలుతో తిరిగి, ఉష్ణమండల మేఘాలను ఒకే రోజున పలుమార్లు పరిశీలించింది. మేఘజలాన్నీ వర్షాన్నీ కొలిచే 'మద్రాస్' అనే దాని సాధనం 2013 జనవరిలో ఆగిపోయినా, తక్కిన సాధనాలు దీర్ఘకాలం సేవలందించాయి. 2023 మార్చి 7న ఆ ఉపగ్రహాన్ని అదుపులో ఉంచి పసిఫిక్ మహాసముద్రం మీదికి దించివేశారు.

పరిమితులు

పెనుగాలికి అలలు రేగి నురుగు కమ్మితే సముద్రమే వెచ్చగా కనిపిస్తుంది. కాబట్టి గాలి వేగాన్ని కూడ లెక్కలో చేర్చవలసి ఉంటుంది. వాన మొదలైతే చినుకుల పరిమాణం తరంగదైర్ఘ్యానికి దగ్గరపడి సులువైన సూత్రం చెదరిపోతుంది. ఎత్తైన పలుచని మంచు మేఘాలు ఈ పౌనఃపున్యాలకు దాదాపు కనిపించవు. ఒక్కొక్క కొలత పదుల కిలోమీటర్ల విస్తీర్ణానికి సగటు మాత్రమే.

మేఘంలో నీరెంతో తెలిసినంత మాత్రాన తుపాను ఆగదు, వాన కురవదు. కాని గాలి, వేడిమి, ఆవిరి కొలతలతో పాటు ఈ కొలతను కూడ గణకయంత్రాలకు అందించినప్పుడు రేపటి వాతావరణాన్ని అంచనా వేయడానికి ఆధారం బలపడుతుంది. తీరంలో వల సర్దుకొనే జాలరికి, పొలంలో నారు పోసే రైతుకు ఆ అంచనాయే కావలసినది.