చారిత్రక నవలలోని నాయికానాయకులు మనకేల ప్రియులగుదురు?



ఒక చారిత్రక నవలను చదివిన పిదప "అందలి నాయికానాయకులు మీకేల నచ్చిరి?" అని తరగతిలో ప్రశ్నించినచో, తరచుగా వచ్చు ఉత్తరము ఒక్కటే: "నాయిక సౌందర్యవతి, నాయకుడు మహావీరుడు." ఈ ఉత్తరము తప్పు కాదు, కాని చాలదు. సౌందర్యము లేని నాయికయు, శౌర్యము లేని నాయకుడును చారిత్రక నవలలలో మిక్కిలి అరుదు. అందరికిని సమానమైన గుణము, కొందరియందు మాత్రమే మనకు కలుగు ప్రీతికి కారణము కానేరదు. కొన్ని జంటలను పుస్తకము మూసిన పది దినములకే మరచిపోవుదుము. కొన్ని జంటలు ఏండ్ల తరబడి మన మనస్సున నిలిచియుండును. ఈ భేదమునకు కారణమేమో, రెండు ప్రసిద్ధ నవలల నాధారముగా గొని విచారింతము. మొదటిది అడివి బాపిరాజు (1895–1952) రచించిన 'గోన గన్నారెడ్డి'. రెండవది విశ్వనాథ సత్యనారాయణ (1895–1976) రచించిన 'ఏకవీర'.

1. కాలము కల్పించిన అడ్డంకి

ప్రేమకథకు అడ్డంకి ప్రాణము. అడ్డంకి లేనిచో కథయే లేదు. అయితే చారిత్రక నవలలో ఆ అడ్డంకి ఆ కాలమునుండియే పుట్టవలెను. పాత్రలకు పాతకాలపు పేర్లును, ఆభరణములును తొడిగినంతమాత్రమున నవల చారిత్రకము కాదు.

'గోన గన్నారెడ్డి' కాకతీయుల కాలపు కథ. గణపతిదేవునకు పుత్రసంతానము లేదు. ఆయన కుమార్తె రుద్రమదేవి 1262 మొదలు 1289 వరకు రాజ్యమేలెను. శాసనములు ఆమెను రుద్రదేవ మహారాజని పురుషనామముతో కూడ పేర్కొనుచున్నవి. ఆమె చాళుక్య వీరభద్రుని భార్య యనుటయు చరిత్రకు తెలిసిన విషయమే. బాపిరాజు ఈ స్వల్పమైన ఆధారమును గైకొని, లోకము నెదుట పురుషుడై నిలువవలసిన స్త్రీ హృదయమెట్లుండునని ఊహించెను. ఆమెకును వీరభద్రునకును నడుమ నిలిచినది దుర్మార్గుడైన బంధువు కాదు, ఆమె అధిష్ఠింపవలసిన సింహాసనమే. ఆ జంటను కాకతీయ కాలమునుండి తొలగించి మరియొక కాలమున నిలుపుడు. వారి కథ నిలువదు. ఏ జంటనైనను పరీక్షించుటకు ఇది మొదటి గీటురాయి.

2. వధువును గాక వరుని గొనిపోయిన వీరుడు

అదే నవలలో మరియొక జంట గన్నారెడ్డి, అన్నాంబిక. వీరి కథారంభమును జాగ్రత్తగా గమనింపుడు. వీరుడు వివాహవేదికనుండి వధువును ఎత్తుకొనిపోవుట కథలలో మనకు అలవాటైన సంగతి. ఇక్కడ గన్నారెడ్డి ఎత్తుకొనిపోయినది వరుని! ఆ వివాహము ఆగిపోయినది. కన్య మాత్రము ఎవరి సొత్తును కాలేదు.

ఈ చిన్న మార్పులో గొప్ప అర్థము కలదు. వధువునే అపహరించియుండినచో, ఒక బలవంతము పోయి మరియొక బలవంతము వచ్చియుండెడిది. గజదొంగ యని లోకమనుకొను ఆ వీరుని గూర్చి తాను ఏమనుకొనవలెనో అన్నాంబికయే ఆలోచించుకొనుటకు ఇచట అవకాశము కలిగినది. ఆమె ఓరుగల్లున రుద్రమదేవి ఆశ్రయమున నిలిచి, అతడు చేయు పనులను బట్టి అతని నెరుగును. అతడు గజదొంగ కాడనియు, కాకతీయ సింహాసనమునకు మేలు కోరువాడనియు ఆమెకు క్రమముగా బోధపడును. కావున ఆమె ప్రేమ తొలిచూపు మోహము కాదు, తెలిసి చేసికొన్న నిర్ణయము.

బాలురారా! ఇచట ఒక్కమాట. బలవంతముగా వెంటబడుటయు, కాదన్నను విడువకుండుటయు వీరత్వమని కొన్ని కథలును చలనచిత్రములును మీకు నేర్పవచ్చును. అది వీరత్వము కాదు. ఎదుటివారికి 'కాదు' అనుటకు చోటు మిగిల్చినవాడే ప్రేమింపదగిన నాయకుడు. బాలికలారా! తన బుద్ధితో తాను నిర్ణయించుకొన్నందుననే అన్నాంబిక మనకు ప్రియమైనది గాని, ఆమె చక్కదనము చేతనే కాదు.

3. ఎన్నుకొనుటకు వీలులేని నలుగురు

'ఏకవీర' దీనికి పూర్తిగా భిన్నమైన నవల. ఇది నాయకరాజుల నాటి మధురలో నడచిన కథ. తెలుగుదేశమునకు వెలుపల, తమిళదేశమున తెలుగు రాజుల ఆస్థానమే ఇందలి రంగస్థలము. అందుచేత ఎల్లలకు ఈవల నివసించు మనకిది మరింత ఆత్మీయమైనది.

కుట్టాన్, వీరభూపతి ప్రాణమిత్రులు. కుట్టాన్ మీనాక్షిని ప్రేమించెను; కాని అతనికి ఏకవీరతో వివాహమైనది. వీరభూపతి ఏకవీరను ప్రేమించెను. కాని అతనికి మీనాక్షితో వివాహమైనది. తన మిత్రుని భార్యయే తాను ప్రేమించిన కన్య యని వారిరువురును ఎరుగరు. ఈ కథలో దుష్టపాత్ర లేదు. నలుగురును మంచివారే. నలుగురును దుఃఖభాగులే.

ఇచట నాయకుడు నిర్దోషి కాడు. కుట్టాన్ భార్యయెడ ఉదాసీనుడై, ఏ పాపమెరుగని ఏకవీరను బాధపెట్టెను. అయినను మన మతనిని ద్వేషింపజాలము. ఏలయన, పెద్దలు నిశ్చయించిన వివాహమునకు తలవంచుట నాటి ఆచారము. వారి మనస్సు ఎవరును అడుగలేదు, వారును చెప్పలేదు. ఆ మౌనమే కథను విషాదాంతము చేసినది. మొదటి నవలలో స్వేచ్ఛ లభించుటను చూచి సంతసించితిమి. ఇందు అది లభింపకపోవుటను చూచి కన్నీరు విడిచితిమి. రెండింటను మనలను కదల్చినది ఒక్కటే.

4. చరిత్రయేది, కల్పనయేది?

పాత్రలపై ప్రీతి కలిగిన కొలది, కల్పితమును చరిత్రగా భ్రమించుట సహజము. రాయచూరు కోట గోడలో 1294 నాటి తెలుగు శాసనము కలదు. గోన గన్నయరెడ్డి పక్షమున విఠలనాథుడు ఆదవాని మొదలగు కోటలను జయించి, ఈ కోటను నిర్మించెనని అది తెలుపుచున్నది. నేడు కర్ణాటకమున నున్న ఆ శిల గన్నారెడ్డి ఉనికికి సాక్ష్యము. కాని అతని హృదయమున అన్నాంబిక ఉండెనా యను ప్రశ్నకు ఆ శిల ఉత్తరమీయదు. శిల ఊరకున్నచోట నవలాకారుడు మాటలాడును. ఆ హద్దు నెరిగి చదివినచో చరిత్రకును లోటు లేదు, రసాస్వాదనకును లోటు లేదు.

సారాంశము

నాయికానాయకులు మనకు ప్రియులగుటకు కారణము వారి రూపము కాదు, వారి అదృష్టమును కాదు. వారి కాలము వారికి విధించిన కట్టుబాటుల నడుమ, ఒకరినొకరు మనుష్యులుగా గౌరవించి, నష్టమునకు సిద్ధపడి, తమ మార్గమును తాము ఎన్నుకొనుటకు చేయు యత్నమే కారణము. యత్నము ఫలించినచో అది వీరగాథ, విఫలమైనచో విషాదగాథ. రెండును మనవే.

అభ్యాసము

1. మీరు చదివిన ఒక చారిత్రక నవలలోని జంట ఎదుర్కొన్న అడ్డంకి ఆ కాలమునుండి పుట్టినదేనా? విచారించి వ్రాయుడు.
2. గన్నారెడ్డి వరునికి బదులుగా వధువునే గొనిపోయియుండినచో, అన్నాంబికపై మన అభిప్రాయమెట్లు మారియుండెడిది?
3. మీ ఊరి సమీపమున తెలుగు శాసనము కలదేమో పెద్దల నడిగి తెలిసికొనుడు. అందు పేర్కొనబడిన ఒక వ్యక్తిని గూర్చి పది వాక్యములు వ్రాసి, ఏది శాసనము చెప్పినదో, ఏది మీ ఊహయో వేరు చేసి చూపుడు.