వెనక్కి పిలిచిన బండి: వాహన రీకాల్ గురించి సంఘాలు తెలుసుకోవలసిన విషయాలు

సంఘ నిర్వహణ పాఠాలు
రచన: ఒక సహకార ఇన్‌స్పెక్టరు, హెచ్.డి.సి.



డెయిరీ నుండి బజారుకు వెళ్ళిన పాల పాకెట్లలో ఒక బ్యాచికి దోషమున్నదని ప్రయోగశాలలో తేలిందనుకోండి. అప్పుడు డెయిరీవారు ఏమి చేస్తారు? పాకెట్టు మీద అచ్చయిన బ్యాచి నంబరు, తేదీ చూస్తారు. ఆ సరుకు ఏ ఏజెంటుకు ఎంత వెళ్ళిందో పుస్తకంలో చూసి, దానిని వెనక్కి తెప్పిస్తారు. మిగిలిన బ్యాచిల జోలికి పోరు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, దాని క్రింద 2017లో వచ్చిన రీకాల్ నిబంధనలు దీనిని వ్యాపారి విధిగా చేశాయి.

మోటారు వాహనాలకు కూడా ఇదే పద్ధతి ఉన్నది. దానినీ రీకాల్ అనే అంటారు. తేడా ఒక్కటే. పాకెట్టు రెండు రోజులలో ఖర్చయిపోతుంది. బండి పదేళ్ళు తిరుగుతుంది, చేతులు మారుతుంది, ఊళ్ళు మారుతుంది. దానిని వెతికి పట్టుకోవడం కష్టం. మన సంఘాలకు పాల వ్యాన్లు, ట్యాంకర్లు, ట్రాక్టరు ట్రాలీలు ఉన్నాయి గనుక ఈ నెల పాఠానికి ఈ విషయాన్ని తీసుకున్నాను.

1. రీకాల్ అంటే ఏమిటి?

వాహనం రూపకల్పనలోగాని, తయారీలోగాని ప్రాణాపాయం కలిగించే లోపం ఉన్నదని తేలినప్పుడు, ఆ లోపమున్న బండ్లన్నిటినీ కంపెనీవారు పిలిపించి తమ ఖర్చుతో బాగుచేయడమే రీకాల్. దీనిని గ్యారంటీతో కలిపి చూడకూడదు. గ్యారంటీ ఒక గడువు వరకే ఉంటుంది, ఒక్కొక్క బండికి వచ్చిన చెడుగుకు వర్తిస్తుంది. రీకాల్ ఒక తేదీ నుండి ఒక తేదీ వరకు తయారైన బండ్లన్నిటికీ వర్తిస్తుంది. మన బండి నిన్నటి వరకు చక్కగా నడిచినా సరే, దానికీ వర్తిస్తుంది. రంగు పోవడం, తలుపు కిర్రుమనడం వంటివి రీకాల్ క్రిందకు రావు. బ్రేకు, స్టీరింగు, టైరు, ఇంధనం కారడం, నిప్పంటుకొనే ప్రమాదం, ఇటువంటివి వస్తాయి.

2. ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది?

అమెరికాలో 1965లో రాల్ఫ్ నాడర్ అనే న్యాయవాది కార్ల తయారీలోని లోపాలపై ఒక పుస్తకం రాశాడు. దేశమంతా అలజడి లేచింది. 1966 సెప్టెంబరులో వాహన భద్రతా చట్టం వచ్చింది. లోపం తెలిసిన కంపెనీ యజమానులకు తప్పక తెలియజేయాలని ఆ చట్టం చెప్పింది. 1970లో దీనిని చూసుకొనే జాతీయ రహదారి భద్రతా సంస్థ ఏర్పడింది. 1974 సవరణతో లోపాన్ని ఉచితంగా సరిచేయడం కూడా కంపెనీ బాధ్యత అయినది.

అక్కడ లోపం ఉన్నదని నిర్ణయానికి వచ్చిన కంపెనీ 5 పనిదినాలలో ప్రభుత్వ సంస్థకు తెలపాలి. 60 రోజులలో యజమానులకు ఉత్తరాలు రాయాలి. 2015లో వచ్చిన చట్టం ప్రకారం మొదటి అమ్మకం నుండి 15 సంవత్సరాల వరకు ఈ మరమ్మతు ఉచితం.

3. ఇల్లుబండ్ల పాఠం

అమెరికాలో మోటారు హోములు అనే బండ్లు ఉన్నాయి. లారీ అంత బండిలో మంచాలు, వంటగది, స్నానాలగది అన్నీ ఉంటాయి. ఇంజను లేకుండా కారు వెనుక తగిలించుకొని పోయే ట్రెయిలరు ఇళ్ళు కూడా ఉన్నాయి. ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్ పట్టణం వీటి తయారీకి పేరుపొందినది. మనకు వాటితో పని లేదని అనుకోవద్దు. మన పాల ట్యాంకరుకు, ఆ ఇల్లుబండికి ఒక పోలిక ఉన్నది. రెండింటినీ ఒకే కంపెనీ పూర్తిగా తయారు చేయదు.

ఇల్లుబండి చాసిస్ ఒకరిది. దానిమీద ఇల్లు కట్టేది మరొకరు. అందులోని ఫ్రిజ్ ఇంకొకరిది, గ్యాసు పొయ్యి వేరొకరిది. మన ట్యాంకరుకు కూడా చాసిస్ ఒక కంపెనీది, స్టీలు ట్యాంకు మరొక కంపెనీది, పంపు వేరే కంపెనీది. కాబట్టి లోపం ఎవరి వస్తువులో ఉంటే రీకాల్ వారి దగ్గర మొదలవుతుంది.

2006లో డొమెటిక్ అనే కంపెనీ తాను చేసిన ఫ్రిజ్‌లకు రీకాల్ ప్రకటించింది. 1997 నుండి 2003 వరకు తయారైన సుమారు 9 లక్షల 26 వేల ఫ్రిజ్‌లు అందులో చేరాయి. అవి ఎన్నో కంపెనీల ఇల్లుబండ్లలో, ట్రెయిలర్లలో బిగించి ఉన్నాయి.

లోపం ఏమిటో మన శీతలీకరణ కేంద్రాలలో పనిచేసేవారికి సులభంగా అర్థమవుతుంది. మన పెద్ద కేంద్రాలలో పాలు చల్లబరచడానికి వాడే అమ్మోనియానే ఆ ఫ్రిజ్‌లలోనూ వాడతారు. అయితే వాటికి కంప్రెసరు ఉండదు. అమ్మోనియా, నీరు, హైడ్రోజన్ కలిపి ఇనుప గొట్టాలలో మూసి ఉంచుతారు. అడుగున చిన్న గ్యాసు మంటతోగాని, కరెంటుతోగాని వేడిచేస్తే అమ్మోనియా నీటి నుండి విడివడి, తిరుగుతూ చల్లదనం కలిగిస్తుంది. ఏళ్ళ తరబడి వేడెక్కి చల్లారగా, మంట దగ్గరి గొట్టానికి అలసటతో సన్నని చీలిక రావచ్చును. లోపలి వాయువు ఒత్తిడితో బయటికి వస్తుంది. ప్రక్కనే మంట ఉన్నది. హైడ్రోజన్ మండే వాయువు. రాత్రి మనుషులు పడుకొన్న బండికి నిప్పు అంటుకోవడానికి ఇంతకంటే ఏమి కావాలి?

ఇక్కడ గమనించవలసినది ఏమంటే, బండి యజమానికి తన బండి కంపెనీ పేరు తెలిస్తే చాలదు. లోపల ఉన్న ఫ్రిజ్ ఎవరిది, దాని మోడలు, సీరియల్ నంబరు ఏమిటి అన్నది కూడా తెలియాలి. పాతబండిని మూడో చేతి మీదుగా కొన్నవాని పేరు ఫ్రిజ్ కంపెనీ పుస్తకాలలో ఉండదు.

మరొక రకం రీకాల్ కూడా అక్కడ తరచు జరుగుతుంది. ట్రెయిలరుపై అంటించిన చీటీలో ఎంత బరువు వేయవచ్చో, టైరులో ఎంత గాలి ఉండాలో తప్పుగా అచ్చయితే, ఆ చీటీ కోసమే రీకాల్ చేస్తారు. కాగితం ముక్కకు ఇంత హడావిడి ఎందుకని మనకు అనిపించవచ్చును. లాక్టోమీటరు మీద గీతలు తప్పుగా ఉంటే ఏమవుతుందో తలచుకోండి. పాలు మంచివే, లెక్క తప్పుతుంది. ఇక్కడ లెక్క తప్పితే టైరు పగులుతుంది.

4. మన దేశంలో

మన దేశంలో 2012లో వాహన తయారీదారుల సంఘం తమంతట తాము పాటించే రీకాల్ నియమావళిని తెచ్చుకొన్నది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 110-ఎ సెక్షనును చేర్చింది. దీని ప్రకారం వాహనంలోని లోపం వలన డ్రైవరుకు, ప్రయాణీకులకు, దారిన పోయేవారికి, పర్యావరణానికి హాని కలిగేటట్లయితే కేంద్ర ప్రభుత్వమే రీకాల్‌కు ఆదేశించవచ్చును. లోపం ఒక విడిభాగంలో ఉంటే, ఆ భాగం బిగించిన బండ్లన్నిటినీ, మోడలు ఏదైనా సరే, పిలిపించవచ్చును. ఇల్లుబండ్ల ఫ్రిజ్ విషయంలో మనం చూసిన సూత్రమే ఇది.

ఇందుకు సంబంధించిన నిబంధన 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. అది 7 సంవత్సరాలు దాటని వాహనాలకు వర్తిస్తుంది. ప్రభుత్వం ఆదేశించిన రీకాల్‌లో కంపెనీపై కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చును. తన లోపాన్ని తానే గుర్తించి, ప్రభుత్వానికి తెలిపి, బండ్లను పిలిపించిన కంపెనీకి జరిమానా ఉండదు. ఇది మంచి ఏర్పాటు.

అయితే చట్టం ఎంత గట్టిదైనా ఉత్తరం చేరవలసింది మన చిరునామాకే. అందుకు నా అనుభవం ఒకటి చెప్పుకోవలసి ఉన్నది.

5. బీరువాలో దాచిన ఉత్తరం

2016లో నా పరిధిలోని ఒక సంఘానికి పాల వ్యాను ఉండేది. పాతబండిగా కొన్నది. డబ్బు సంఘానిదే అయినా, పని త్వరగా అవుతుందని అప్పటి అధ్యక్షులు తమ పేరున బదిలీ చేయించారు. తరువాత వారు కాలం చేశారు. కొత్త పాలకవర్గం వచ్చింది. ఆర్.సి. మాత్రం వారి పేరున, వారి ఇంటి చిరునామాతోనే ఉండిపోయింది.

ఆ సంవత్సరం తనిఖీలో నేను డీజిలు బిల్లులు చూశాను, మరమ్మతు వోచర్లు చూశాను, లాగ్ బుక్ కూడికలు వేసి సరిచూశాను. "వాహన ఖాతా సక్రమంగా ఉన్నది" అని రాసి సంతకం పెట్టాను. ఆర్.సి. చూపమని అడగలేదు.

ఒక వేకువన ఆ వ్యాను పాల క్యాన్లతో చెరువుకట్ట దిగుతుండగా బ్రేకు పట్టలేదు. డ్రైవరు బండిని నీళ్ళలోకి పోనీయకుండా రెండో వైపు గట్టుకు కొట్టాడు. పాలన్నీ నేలపాలయ్యాయి. అతని తొడ ఎముక విరిగింది. 11 నెలలు పనిలోకి రాలేకపోయాడు.

నష్టం కాగితాల కోసం పాత అధ్యక్షుల ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య బీరువాలో నుండి ఒక కవరు తెచ్చి ఇచ్చారు.

"ఏదో కంపెనీ నుంచి ఆయన పేరున వచ్చిందయ్యా. పోయిన మనిషి పేరున వచ్చిన కాయితం పారెయ్యడానికి మనసొప్పలేదు. భద్రంగా దాచాను" అన్నారు.

కవరు విప్పలేదు. ఫలానా తేదీలలో తయారైన బండ్లలో బ్రేకు గొట్టానికి లోపం ఉన్నదని, డీలరు వద్దకు తెస్తే ఉచితంగా మార్చెదమని అందులో ఉన్నది. అది ప్రమాదానికి 5 నెలల ముందు వచ్చిన ఉత్తరం.

ఆమె తప్పు ఏమీ లేదు. సంఘం బండిని సంఘం పేరున ఉంచని పాలకవర్గానిది తప్పు. అది చూడని నా తనిఖీది తప్పు. ఆ డ్రైవరు ఇప్పుడు అదే సంఘంలో పాలు కొలుస్తున్నాడు. కొంచెం కుంటుతాడు. నేను వెళ్ళినప్పుడల్లా "దండాలు సార్" అని కుర్చీ వేస్తాడు. ఆనాటి నుండి ఏ సంఘానికి వెళ్ళినా నేను మొదట అడిగేది ఆర్.సి.

6. సంఘాలు చేయవలసిన పనులు

(1) సంఘం డబ్బుతో కొన్న బండి సంఘం పేరున, సంఘ కార్యాలయం చిరునామాతో ఉండవలెను. పాతబండి కొంటే 30 రోజులలో బదిలీకి దరఖాస్తు చేయాలి. చిరునామా మారినా 30 రోజులలో రవాణా శాఖకు తెలపాలి. సెల్ ఫోను నంబరు కూడా సంఘానిదే ఇవ్వండి.

(2) ఆస్తుల రిజిస్టరులో ప్రతి బండికి ఒక పుట కేటాయించండి. రిజిస్ట్రేషను నంబరు, చాసిస్ నంబరు, ఇంజను నంబరు, తయారైన నెల రాయండి. ట్యాంకు, పంపు, చల్లబరచే యంత్రం వేరే కంపెనీలవి అయితే వాటి పేర్లు, సీరియల్ నంబర్లు కూడా రాయండి.

(3) చాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఒకటి, సున్న అంకెలతో పొరపాటు పడకుండా ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో వాడరు. గుండ్రంగా కనబడినది సున్నయే అని గ్రహించి రాయండి.

(4) టైరు ప్రక్కన చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 3219 అని ఉంటే 2019వ సంవత్సరం 32వ వారం. దీనిని కూడా రాసి పెట్టండి.

(5) కంపెనీ నుండి వచ్చిన ప్రతి ఉత్తరాన్ని ఇన్‌వర్డు రిజిస్టరులో నమోదు చేసి, అదే రోజు అధ్యక్షులకు చూపండి. పాలకవర్గ సమావేశం వరకు ఆగవద్దు. మరమ్మతు అయ్యేవరకు నడపవద్దని ఉత్తరంలో ఉంటే ఆ పూటే బండి ఆపి, పాలకు వేరే ఏర్పాటు చేసుకోండి.

(6) రీకాల్ పని కంపెనీ డీలరు వద్దనే చేయించండి. డబ్బు కట్టనవసరం లేదు. పని అయినట్లు జాబ్ కార్డు తీసుకొని దస్త్రంలో ఉంచండి.

(7) అద్దె బండ్లతో పాలు పంపే సంఘాలు ఒప్పందంలో ఒక షరతు చేర్చండి. రీకాల్ వచ్చిన బండి బాగుచేయించిన తరువాతే రూటుకు రావలెను.

(8) మీ బండిలో ఒకే లోపం మళ్ళీ మళ్ళీ వస్తుంటే కంపెనీకి తేదీలతో రాయండి. కేంద్ర రవాణా శాఖ వాహన్ వెబ్‌సైటులో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చును. పదిమంది రాస్తేనే లోపం బయటపడుతుంది.

7. నంబరు లేని ట్రాలీలు

చట్టంలో మోటారు వాహనం అన్న మాటలో ట్రెయిలరు కూడా చేరి ఉన్నది. కాని మన ఊళ్ళలో వెల్డింగు షాపులో చేయించిన ట్రాలీలు ఎన్నో తిరుగుతున్నాయి. వాటికి కంపెనీ లేదు, నంబరు లేదు. లోపం ఉన్నా పిలిచేవారు లేరు. అటువంటి దానిపై సంఘం పాలు, దాణా వేయకండి. నంబరున్న ట్రాలీకి కూడా నెలకొకసారి కొక్కెం, పిన్ను, చక్రాల బోల్టులు, రాత్రి మెరిసే ఎర్ర బిళ్ళలు చూడండి. అమెరికా ట్రెయిలర్లకు కొక్కెం ఊడినా తనంతట బ్రేకు పడే తీగ ఒకటి అమర్చుతారు. మన ట్రాలీ కొక్కెం ఊడితే ఆపేది ఏమీ ఉండదు.

పాఠంపై ప్రశ్నలు

1. గ్యారంటీకి, రీకాల్‌కు భేదం ఏమిటి?
2. మీ సంఘం బండి ఆర్.సి.లో ఎవరి పేరు, ఏ చిరునామా ఉన్నది?
3. మీ ట్యాంకరులో ఎన్ని కంపెనీల సామగ్రి ఉన్నది? వాటి నంబర్లు రిజిస్టరులో ఉన్నాయా?
4. గత సంవత్సరం కంపెనీ నుండి వచ్చిన ఉత్తరాలు ఎక్కడ ఉన్నాయి?

రెండవ ప్రశ్నకు జవాబు జ్ఞాపకం మీద చెప్పవద్దు. ఆర్.సి. తీసి చూసి చెప్పండి. రాబోయే పాలకవర్గ సమావేశంలో దానిని బల్ల మీద పెట్టి, అందరూ చూసినట్లు మినిట్సు పుస్తకంలో రాసుకోవలసిందిగా కోరుతున్నాను.