రూటరు చెప్పే వేగాలు – దాతలు తెలుసుకోవలసిన పాఠం

చదువు గదులకు వైఫై రూటర్లు ఇచ్చే దాతలు మనలో ఉన్నారు. పాత ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు ఇచ్చేవారూ ఉన్నారు. "పెట్టె మీద 300 అని ఉంది కదా మాస్టారూ, పిల్లలకు అంత వేగం రాదెందుకు?" అని వారు మమ్మల్ని అడుగుతుంటారు. జవాబు ఇక్కడ చెబుతున్నాం.

పీలేరు బస్టాండులో కండక్టరు "కలకడ, రాయచోటి" అని కేక వేస్తాడు. ఎక్కాలో వద్దో మనం తేల్చుకుంటాం. రూటరూ అంతే. సెకనుకు సుమారు పదిసార్లు ఒక చిన్న ప్రకటన పంపుతుంది. దాన్ని బీకన్ అంటారు. అందులో రూటరు పేరుతో పాటు అది పలకగల వేగాల పట్టిక ఉంటుంది.

1999 నాటి 802.11బి పద్ధతిలో ఆ వేగాలు సెకనుకు 1, 2, 5.5, 11 మెగాబిట్లు. 2003లో వచ్చిన 802.11జి 6 నుంచి 54 వరకు మరో ఎనిమిది చేర్చింది. పట్టికలో అర మెగాబిట్‌ను ఒకటిగా లెక్కిస్తారు: 1కి 2, 5.5కి 11, 54కి 108. తప్పనిసరి వేగమైతే 128 కలుపుతారు. అప్పుడు 1 కాస్తా 130 అవుతుంది. తప్పనిసరి వేగాలన్నీ పలకలేని పరికరానికి ఆ రూటరులో చోటు లేదు. 300 వంటి పెద్ద అంకెలు 2009లో వచ్చిన 802.11ఎన్‌తో మొదలయ్యాయి. అవి పరికరానికీ రూటరుకూ మధ్య కుదరగల గరిష్ఠ వేగం మాత్రమే. బయటి ఇంటర్నెట్ కనెక్షన్ వేగం వేరు.

గాలి అందరికీ ఒక్కటే. 1500 బైట్ల సమాచారానికి 1 మెగాబిట్ వేగంతో 12 మిల్లీసెకన్లు పడుతుంది. 54తో పావు మిల్లీసెకను కూడా పట్టదు. మూలన కూర్చున్న ఒక్క ఫోను నెమ్మదిగా పలికితే మిగతా పిల్లలు ఆగాలి. అందుకని కొన్ని రూటర్లలో తక్కువ వేగాలను తీసేసే వీలుంటుంది. అయితే మరీ పాత పరికరాలు బయటే ఉండిపోతాయి. బీకన్ మామూలుగా తక్కువ తప్పనిసరి వేగంతోనే వెళుతుంది కనుక, ఆ వేగం పెంచితే దూరపు బెంచీకి అది సరిగా అందదు.

కాబట్టి దాతలకు మా మనవి: రూటరు కొనే ముందు గదిలోని పరికరాల వయసు అడగండి. గది నడుమ, ఎత్తున పెట్టించండి. పెట్టె మీది అంకె కన్నా చివరి బెంచీ పిల్లవాడికి పాఠం తెరుచుకుందా లేదా అన్నదే మన లెక్క.