బటానీలను ఇంట వండుకొను సులభ పద్ధతులు

పచ్చి బటానీలు శీతకాలమున విరివిగా దొరకును. వండబోవు సమయముననే గింజలను ఒలువవలెను. ఒలిచి యుంచినచో తీపి తగ్గును. గింజలు మునుగునంత నీటిలో వేసి, మూతపెట్టి, మెత్తబడగానే దింపవలెను. ఆ నీటిని పారబోయక చారులో కలుపుకొనవలెను. ఏలయన సి విటమిను కొంత అందు దిగియుండును. అల్లము, పచ్చిమిరపకాయలతో పోపుపెట్టి, దించినపిదప నిమ్మరసము పిండిన కూర రుచికరము.

ఎండు బటానీలను రాత్రి నానబెట్టి, ఉదయమున క్రొత్త నీటిలో ఉడికింపవలెను. వీనియందు నూటికి ఇంచుమించు 20 పాళ్లు మాంసకృత్తులు గలవు. అన్నమున కొరతయగు లైసిన్ వీనివలన లభించును.

కొందరు వర్తకులు వీనికి మాలకైట్ గ్రీన్ అను అద్దకపు రంగు పట్టింతురు. ఇది ఆహారమున నిషిద్ధము. గాజుగ్లాసునందలి నీటిలో గింజలను అరగంట యుంచి చూడవలెను. నీటికి ఆకుపచ్చ రంగు దిగినయెడల ఆ సరకును కడిగియైనను వండరాదు.