చల్లారేదాకా పిన్ను తీయొద్దు

రిసెప్షన్ స్టేజీ ఎక్కేటప్పుడు ఉంగరాలు ఉంగరాలుగా ఉన్న జుట్టు, భోజనాల వేళకు సాగిపోయి భుజాల మీద వేలాడుతుంది. బ్యూటీషియన్‌గా పనిచేసేవాళ్లలో ఇది చూడనివాళ్లు ఉండరు. టాంగ్ బాగాలేదని కొత్తది కొంటాం. స్ప్రే చాలలేదని ఇంకో సగం సీసా కొడతాం. చాలాసార్లు తప్పు ఆ రెండిటిదీ కాదు. టాంగ్ నుంచి జారిన వేడి పాయను అలాగే వదిలేశామే, అక్కడ ఉంది తిరకాసు. ఆ పాయను వేడి మీదే చుట్టగా చుట్టి, తలకు ఆనించి, పిన్ను పెట్టి చల్లారనిస్తే అదే పిన్ కర్ల్.

పద్ధతి కొత్తదేమీ కాదు. 1920లలో అమెరికా, యూరప్ ఆడవాళ్లు జుట్టు పొట్టిగా కత్తిరించుకోవడం మొదలుపెట్టాక ఇది ఇంటింటి పనైంది. రాత్రి తడిజుట్టును చిన్న చిన్న చుట్టలుగా తలకు అంటించి, పిన్నులు పెట్టి, స్కార్ఫ్ కట్టుకుని పడుకునేవారు. పొద్దున విప్పి దువ్వితే అలలు. 1940ల హాలీవుడ్ తారల మెరిసే అలల జుట్టు వెనక చాలావరకు ఈ పిన్నులే ఉన్నాయి. ఇప్పుడు మనకు టాంగ్ ఉంది కాబట్టి రాత్రంతా ఆగనక్కర్లేదు. అరగంట మాత్రం ఆగాలి. ఆ అరగంటను ఎక్కడ పెట్టుకోవాలన్నదే పనితనం.

ముందు టూల్ సంగతి. పిన్ కర్ల్ చుట్టడానికి చేతిలో పట్టుకునే సాధనం ఒకటి ఉంది, చూడ్డానికి లావుపాటి పెన్నులా ఉంటుంది. నున్నటి పుల్ల, ఒక కొసన చీలికో చిన్న పట్టో ఉంటుంది. పాయ కొసను అందులో ఇరికించి, పుల్లను వేళ్ల మధ్య తిప్పుతూ కుదురు దాకా చుట్టి, చుట్టను తలకు ఆనించి, పుల్ల మెల్లగా లాగేసి క్లిప్పు పెట్టడం. అంతే. లాభం రెండు రకాలు. చుట్టలన్నీ ఒకే సైజులో వస్తాయి, పాయ కొస బయటికి పొడుచుకు రాకుండా లోపలే ఉంటుంది. కొస మడతపడితే విప్పాక చేపల గాలంలా వంగి కనిపిస్తుంది, దాన్ని ఏ సీరమూ దాచలేదు. ఇక రోజంతా తలలు చేసేవాళ్ల బొటనవేళ్లకు కాస్త విశ్రాంతి కూడా.

కొనేముందు చిన్న పరీక్ష చేయండి. దూది ముక్కను చీలిక అంచు మీదుగా లాగి చూడండి. పోగు తగులుకుంటే వెంట్రుకా తగులుకుంటుంది, వద్దు. టాంగ్ తర్వాత వెంటనే వాడే ఉద్దేశం ఉంటే వేడికి మెత్తబడే పల్చటి ప్లాస్టిక్ పనికిరాదు. నడుము దాకా ఉన్న ఒత్తు జుట్టు సన్నటి పుల్ల మీద పట్టదు, బలవంతంగా చుడితే పుల్ల బయటికి రాదు. అలాంటి జుట్టుకు రెండు వేళ్లే మేలు. నిజానికి టెయిల్ కూంబ్ తోకతో, వేళ్లతో ఈ పని చక్కగా వచ్చినవాళ్లు టూల్ కొనకపోయినా నష్టమేమీ లేదు. నేర్చుకునే అమ్మాయిలకు, తొందర ఉన్న పార్లర్లకు మాత్రం ఇది బాగా ఉపయోగం.

చల్లారడం దగ్గర ఎందుకింత పట్టుబడుతున్నానంటే, వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీన్. దాని లోపల హైడ్రోజన్ బంధాలు లెక్కలేనన్ని ఉంటాయి. నీళ్లు తగిలితే అవి విడిపోతాయి, ఆరితే మళ్లీ కలుస్తాయి. వేడి కూడా వాటిని వదులు చేస్తుంది, చల్లారాక బిగుస్తాయి. కలిసే వేళకు పాయ ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారమే నిలుస్తుంది. గుండ్రంగా ఉంటే గుండ్రం, వేలాడుతూ ఉంటే సాగిన నొక్కు. పర్మింగ్‌లో మందు పెట్టి మార్చే గట్టి బంధాలు వేరు, వాటి జోలికి మనం పోవడం లేదు. అందుకే తలస్నానం చేస్తే ఇది పోతుంది. గాలిలో తేమ ఎక్కువైనా మెల్లగా పోతుంది. కాకినాడలో, బందరులో వానాకాలం పెళ్లి చేసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఒక చుట్ట దగ్గరగా చూద్దాం. సుమారు అంగుళం వెడల్పు పాయ తీసుకుని, కొస దాకా దువ్వండి. తడి జుట్టయితే కాస్త మూస్ రాయండి, పొడి జుట్టయితే టాంగ్ తిప్పి తీయండి. కొసను చీలికలో పెట్టి, చుట్టేటప్పుడు పాయను రిబ్బన్‌లా పరిచి చుట్టండి, తాడులా మెలి తిరగనివ్వకండి. చుట్ట తల మీద వాలాక క్లిప్పును చుట్ట తెరిచిన వైపు నుంచి దూర్చాలి. మూసిన వైపు నుంచి తోస్తే చుట్ట చెదురుతుంది. క్లిప్పు గీత పడుతుందనిపిస్తే కింద టిష్యూ ముక్క పెట్టండి. డ్రయ్యర్ కింద కూర్చోబెడితే ఇనుప క్లిప్పులు చురుక్కుమంటాయి, చెవుల మీద దూది తప్పనిసరి.

చుట్ట కుదురు మీదే కూర్చుంటే నొక్కు గట్టిగా, ఎక్కువసేపు నిలుస్తుంది. కుదురు నుంచి కాస్త పక్కకు జరిపి పెడితే వదులుగా, ఊగుతూ ఉంటుంది. పూర్తిగా బయటికి పెడితే కొసల్లో మాత్రమే వంపు వస్తుంది. నడినెత్తిన ఎత్తు కావాలంటే చుట్టను పడుకోబెట్టకుండా నిలబెట్టి పిన్ను పెట్టండి. బ్యాక్ కూంబింగ్ సగానికి తగ్గుతుంది, పెళ్లయ్యాక ఆ అమ్మాయి చిక్కులు తీసుకుంటూ మిమ్మల్ని తిట్టుకోదు. అలలు రావాలంటే ఒక వరుస కుడికి, కింది వరుస ఎడమకు తిప్పాలి. నుదుటి అంచున పాయలను త్రికోణంగా విడదీయండి. చతురస్రంగా తీస్తే విప్పాక చుట్టకూ చుట్టకూ మధ్య తెల్లగా పాపిళ్లు కనిపిస్తాయి. వేళ్ల మీద చుట్టినప్పుడు మధ్యలో ఖాళీ లేకుండా బిగిస్తే కొస వైపు నొక్కు చిన్నదవుతుంది, పల్చటి జుట్టుకు అది నిండుతనం. పుల్ల మీద చుడితే మధ్యలో పుల్లంత ఖాళీ ఉంటుంది కాబట్టి నొక్కు పైనుంచి కింది దాకా సమంగా వస్తుంది.

తడి జుట్టు మీద మాత్రం టాంగ్ పెట్టొద్దు. వెంట్రుక లోపలి నీరు మరిగి బుడగలు కట్టి, అక్కడే విరుగుతుంది. దీనికి ఏ కండిషనరూ మందు కాదు.

మన పెళ్లిళ్ల దగ్గర ఇంకో చిక్కు ఉంది. పూలజడ వేస్తే వెనక నొక్కులు ఎవరికీ కనపడవు. ముహూర్తం వేళ పిన్ కర్ల్ పని అంతా నుదుటి ముంగురుల దగ్గర, చెవుల పక్క పాయల దగ్గరే. కాబట్టి తలంతా చుట్టి టైము పాడుచేసుకోకండి. పాపిట బిళ్ల ఎక్కడ పడుతుందో, బాసికం దారం ఎక్కడి నుంచి వెనక్కి వెళ్తుందో ముందే చూసుకుని ఆ దారి వదిలేసి చుట్టలు పెట్టండి. లేకపోతే బాసికం కట్టేటప్పుడు పెద్దవాళ్లు మీ ముంగురులను పక్కకు తోసి ముడి వేస్తారు, అది వాళ్ల తప్పు కాదు. జీలకర్ర బెల్లం పెట్టేది నడినెత్తినే. అక్కడ జిగురు, తర్వాత తలంబ్రాలు. కాబట్టి ఉదయం నెత్తి భాగం సాదాగా ఉంచి, రిసెప్షన్‌కు మళ్లీ చేయడమే తెలివి.

మంగళస్నానం నాటి నూనె ఇంకో సంగతి. నూనె అంటిన జుట్టు నొక్కు పట్టదు. అలాగని ఆచారం మానమని చెప్పే హక్కు మనకు లేదు. ఫోన్లోనే చెప్పండి: "పిన్నిగారూ, నూనె నడినెత్తిన చుక్క పెట్టి, నుదుటి దగ్గర మాత్రం అంటనివ్వకండి. తర్వాత కుంకుడుకాయో షాంపూనో, కండిషనర్ వద్దు." చాలామంది ఒప్పుకుంటారు. తలంటాక తడి ఎలాగూ ఉంటుంది కదా అని ఒత్తు జుట్టుకు తడి చుట్టలు పెట్టకండి, గంటల తరబడి ఆరదు. ముంగురులు మాత్రం సన్నటివి, తడి మీద చుట్టినా డ్రయ్యర్ చల్లగాలికి తొందరగా ఆరతాయి. ఇంట్లో మూస్ అయిపోతే అవిసె గింజలు ఉడికించి వడకట్టిన జెల్ బాగానే పట్టు ఇస్తుంది, ఫ్రిజ్‌లో నాలుగు రోజులకు మించి దాచకండి.

ఇక ఆ అరగంట. చాలామంది మేకప్ అంతా అయ్యాక జుట్టు ముట్టుకుంటారు. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి "అక్కా, ఇంకెంతసేపు? పంతులుగారు పిలుస్తున్నారు" అన్న కేక రానే వస్తుంది, చుట్టలు వేడిగా ఉండగానే విప్పేస్తాం. వరస తిరగేయండి. జాకెట్టు వేసుకున్నాకే జుట్టుకు కూర్చోబెట్టండి, లేకపోతే తల మీదుగా బట్ట లాగేటప్పుడు క్లిప్పులు ఊడతాయి. ముందు చుట్టలు పెట్టేయండి. తర్వాత మేకప్, తర్వాత చీర, నగలు. అవన్నీ అయ్యేలోగా చుట్టలు తమ పని తాము చేసుకుంటాయి. చివర ఒక చుట్టను వేలితో తాకి చూడండి. వెచ్చగా ఉంటే ఇంకో ఐదు నిమిషాలు. మెడ దగ్గర నుంచి పైకి విప్పుకుంటూ రండి. ముంగురులను వేళ్లతో విడదీస్తే చాలు. రిసెప్షన్‌కు పాతకాలపు అలలు కావాలంటే మాత్రం బ్రష్‌తో ధైర్యంగా దువ్వాలి. మొదట జుట్టంతా రేగి పీచులా నిలబడుతుంది, కొత్తవాళ్లు అక్కడే భయపడి ఆపేస్తారు. ఇంకాస్త దువ్వండి, అలలు ఒకదాని వెంట ఒకటి పడతాయి.

స్ప్రే విషయంలో ఒక జాగ్రత్త. డబ్బా స్ప్రేలో ఉండేది చాలావరకు ఆల్కహాలు, మండే గ్యాసు. పీటల మీద కూర్చునే అమ్మాయి ముందు హోమం ఉంటుంది. గది దాటకముందే స్ప్రే పూర్తిగా ఆరాలి. మండపంలోకి డబ్బా పట్టుకెళ్లి టచప్ చేసేవాళ్లను చూస్తే నాకు గుండె దడ. స్ప్రే కొట్టిన వెంటనే టాంగ్ పెట్టడమూ అంతే ప్రమాదం.

క్లిప్పులు పెట్టేటప్పుడు లెక్కపెట్టండి, తీసేటప్పుడూ లెక్కపెట్టండి. పూల కింద ఉండిపోయిన ఒక్క క్లిప్పు ఆల్బమ్ నిండా కనిపిస్తుంది. టూల్‌ను, దువ్వెనలను ఒక తల నుంచి ఇంకో తలకు కడగకుండా వాడకండి. సబ్బునీళ్లతో కడిగి, క్రిమిసంహారకంలో ముంచి, ఆరబెట్టాలి. పేలు ఉన్న తల కూడా మన దగ్గరికే వస్తుంది మరి.

ప్రాక్టీసుకు డమ్మీ కొంటే ప్యాకెట్ మీద అసలు జుట్టా, సింథటిక్‌దా చూడండి. మామూలు సింథటిక్ జుట్టు టాంగ్ వేడికి కరిగి ముద్దవుతుంది, దాని మీద నేర్చుకున్న పట్టు మనిషి తల మీద పనికిరాదు.

రేటు గురించి మొహమాటం వద్దు. పిన్ కర్ల్‌కు సామాను ఖర్చు తక్కువ, టైము ఖర్చు ఎక్కువ. "హెయిర్ స్టైల్" అని ఒకే మాటలో ప్యాకేజీలో కలిపేస్తే మీ గంట ఉచితంగా పోతుంది. ముంగురుల సెట్టింగు, తల మొత్తం సెట్టింగు అని విడిగా రాయండి. ట్రయల్‌కు కూడా డబ్బు తీసుకోండి, బుకింగ్ ఖాయమైతే బిల్లులో తగ్గించండి.

ఈ పని పెళ్లిళ్లతోనే ఆగదు. విగ్గు పెట్టుకునే నాటక కళాకారులకు, డాన్సర్లకు సొంత జుట్టును చదునైన చుట్టలుగా తలకు అదిమి పిన్ను పెడితే విగ్గు ఉబ్బకుండా కూర్చుంటుంది, విగ్గు పిన్నులకు పట్టు కూడా దొరుకుతుంది. 2018లో వచ్చిన 'మహానటి' లాంటి పాతకాలపు కథలు తీసేటప్పుడు ఆనాటి జుట్టును అచ్చంగా తేగలిగినవాళ్లు కావాలి, ఆ విద్య వచ్చినవాళ్లు తక్కువే. సినిమాల వైపు చూసే అమ్మాయిలకు ఇంకో మాట. ముంబయి సినీరంగంలో చాలాకాలం ఆడవాళ్లకు హెయిర్ డ్రెస్సర్ కార్డే ఇచ్చేవారు, మేకప్ మగవాళ్లదే అనేవారు. మేకప్ ఆర్టిస్టు చారు ఖురానా వేసిన కేసులో 2014 నవంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. కాబట్టి ఎక్కడైనా "ఆడవాళ్లకు జుట్టు పని వరకే" అంటే ఆ తీర్పు గుర్తుచేయండి.

చివరగా ఫొటోలు. అందరూ విప్పిన వెంటనే ఫొటో తీసి స్టేటస్‌లో పెడతారు. మీరు రిసెప్షన్ అయ్యాక, అదే తల, అదే కోణంలో ఇంకోటి తీయించుకోండి. రెండూ పక్కపక్కన పెట్టి, కింద గంటలు రాయండి. బేరం మాటలు సగం తగ్గుతాయి.