రాళ్ళు చదివిన కింగ్ దొర

మన ద్రాక్షారామం భీమేశ్వరస్వామి గుడి అందరం చూశాం కదా. గోడల మీద, స్తంభాల మీద ఎన్నెన్నో శాసనాలున్నాయి. దీపం వెలిగించడానికి ఎవరు ఎన్ని గొర్రెలు ఇచ్చారో కూడా రాసి ఉంది. మన ఏజెన్సీ ఊళ్ళలో నేనైతే అలాంటి రాత ఒక్కటీ చూడలేదు. అయితే మనవాళ్ళకి చరిత్ర లేనట్టేనా? ఈ మాట మన క్లాసులోనే ఒకరన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

విలియం కింగ్ ఐర్లండు దేశంలో గాల్వే అనే ఊళ్ళో చదువుకున్నాడు. వాళ్ళ నాన్న పేరు కూడా విలియం కింగే, అక్కడి కాలేజీలో ప్రొఫెసరు. నియాండర్తల్ మానవుడికి 1864లో శాస్త్రీయ నామం పెట్టింది ఆ నాన్నగారే. కొడుకు మన దేశం వచ్చి భూగర్భ సర్వేలో చేరాడు. ఆయన ఉద్యోగం కొండల్లో ఏ రాయి ఎక్కడ ఉందో చూసి పటం గీయడం. పాతకాలపు మనుషుల్ని వెతకడం కాదు. అయినా వెతికాడు, అదే నాకు నచ్చింది.

1863 సెప్టెంబరులో కింగు, ఆయన తోటి ఉద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్ కలిసి మద్రాసు దగ్గర అత్తిరంపాక్కంలో రాతి గొడ్డళ్ళు కనుక్కున్నారు. మామూలు రాయి కాదని ఎలా తెలుస్తుంది అంటారా? వాగులో దొర్లిన రాయి నున్నగా ఉంటుంది. మనిషి చెక్కిన రాయికి రెండు వైపులా పెచ్చులు లేచిన గుంటలు ఉంటాయి, అంచు పదునుగా ఉంటుంది, ఒక కొస సన్నబడుతుంది. ఆ గొడ్డళ్ళు దొరికిన పొరల్లో పాతవి సుమారు 15 లక్షల ఏళ్ళ నాటివని శాంతి పప్పు గారి బృందం 2011లో తేల్చింది.

తర్వాత కింగ్ మన గోదావరి వైపు వచ్చాడు. రాజమండ్రి దగ్గర నుంచి పైన ప్రాణహిత దాకా తిరిగి పుస్తకాలు రాశాడు. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు. సింగరేణి గనులు అలా పుట్టినవే. భద్రాచలం యాత్రికులు నల్లరాళ్ళతో పొయ్యి పెడితే రాళ్ళే అంటుకున్నాయని అంతకు ముందు కథ కూడా చెప్తారు. ఆ బొగ్గు పొరకి కింగ్ సీమ్ అని పేరు పెట్టారు. అడవిలో ఆయనకి దారి చూపించిన వాళ్ళ పేర్లు మాత్రం నేను చదివిన దాంట్లో ఎక్కడా లేవు.

అసలు సంగతి మంగపేటది. ఇప్పుడది తెలంగాణలో ములుగు జిల్లా, గోదావరి ఒడ్డు, కోయవాళ్ళుండే ప్రాంతం. అక్కడ పాత సమాధులు, వాటి దగ్గర నిలబెట్టిన పెద్ద రాళ్ళు కింగ్ చూశాడు. 1877లో వాటి గురించి రాశాడు. ఆ రాళ్ళు సిలువలాగా ఉంటాయి. కానీ అవి మనిషి ఆకారాలని తర్వాతి వాళ్ళు చెప్పారు. ఆ వైపు ఇలాంటి రాతి సమాధుల్ని రాకాసి గుళ్ళు అంటారు. రాకాసులేం కాదు, మనుషులే కట్టారు! అంతంత బండలు లేపాలంటే ఊరంతా చెయ్యి వెయ్యాలి కదా.

కోయవాళ్ళలో పెద్దవాళ్ళు చనిపోతే రాయి నిలబెట్టడం ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. మంగపేట రాళ్ళు నిలబెట్టినవాళ్ళు మనవాళ్ళేనని నేను చెప్పలేను. కానీ అక్షరం లేకుండా కూడా చనిపోయినవాళ్ళని గుర్తు పెట్టుకున్నారు.

సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊళ్ళో నిలబెట్టిన రాయి ఉంటే కదపకండి. ఎవరిదో మీ తాతని, అవ్వని అడిగి, ఎత్తు ఎన్ని మూరలో కొలిచి రాసుకు రండి. వచ్చే నెల ఇదే గోడ మీద అన్నీ కలిపి పెడదాం.