అవగాహన: అమెరికా ప్రైమరీలు - పెద్దవయసు ఓటర్ల పట్టు

ప్రైమరీ అంటే

మన దగ్గర అభ్యర్థిని తేల్చేది అధిష్ఠానం. బీ-ఫారం ఎవరి చేతికొస్తే టికెట్ వారిదే. అమెరికాలో ఆ పని పార్టీ ఓటర్లు చేస్తారు, ఆ ఎన్నికే ప్రైమరీ. దాన్ని సాధారణంగా రాష్ట్ర ప్రభుత్వం నిర్వహిస్తుంది. కాకస్ మాత్రం పార్టీ సొంతంగా నడిపే సభ. అమెరికా రాజ్యాంగంలో పార్టీల ఊసే లేదు, ఇక ప్రైమరీల సంగతి సరేసరి.

1968 మలుపు

ఆ ఏడాది హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయకుండానే డెమొక్రటిక్ అభ్యర్థి అయ్యారు. ఆ పార్టీ షికాగో మహాసభ బయట నిరసనకు దిగిన యువకులపై పోలీసు లాఠీలు విరిగాయి. తర్వాత వేసిన మెక్‌గవర్న్-ఫ్రేజర్ కమిషన్ సంస్కరణలతో 1972 నుంచి ప్రైమరీలదే పెత్తనం. ఈలోగా 1971లో 26వ సవరణ ఓటు వయసును 18కి దించింది. తీరా తలుపులు తెరిచాక ఎక్కువగా లోపలికొచ్చింది తల నెరిసినవాళ్లే.

అయోవా, 2016 ఫిబ్రవరి 1

చలికాలం, రాత్రి 7 గంటలు. బడి జిమ్‌లో, చర్చి హాల్లో డెమొక్రాట్లు కాకస్‌కు చేరారు. బ్యాలెట్ పేపరు లేదు. బెర్నీ శాండర్స్ వాళ్లు ఓ మూల, హిల్లరీ క్లింటన్ వాళ్లు ఇంకో మూల నిలబడితే తలలు లెక్కపెట్టారు. ఇలాంటి రాత్రి ముసలివాళ్లు దుప్పటి కప్పుకుని ఇంట్లోనే ఉంటారనుకుంటాం. కానీ లోపలికి వెళ్లేవారిని అడిగిన సర్వేలో 65 దాటినవారు 28 శాతం, 30 లోపువారు 18 శాతం తేలారు. కుర్రకారులో 84 శాతం శాండర్స్ వైపు, పెద్దల్లో 69 శాతం క్లింటన్ వైపు. ప్రతినిధుల వాటాలో క్లింటన్ 49.8, శాండర్స్ 49.6 శాతంతో ముగిసిన పోరులో ఆ పెద్దలు రాకుంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. తమాషా ఏమిటంటే, కుర్రాళ్లు ఎగబడిన శాండర్స్‌కు అప్పటికి 74 ఏళ్లు, క్లింటన్‌కు 68.

ఎందుకిలా?

రిటైరయ్యాక తీరిక ఎక్కువని చాలామంది రాస్తారు. అది సగం జవాబే. ఇల్లు మారితే ఓటరు నమోదూ మార్చుకోవాలి. చదువుకు, ఉద్యోగానికి ఊళ్లు తిరిగేవాళ్లు అక్కడే జారిపోతారు. న్యూయార్క్, ఫ్లోరిడా లాంటి క్లోజ్డ్ ప్రైమరీ రాష్ట్రాల్లో ఫలానా పార్టీ అని ముందే రాయించుకోవాలి కూడా. ముప్పై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉన్న మనిషికి ఈ తతంగమంతా ఎప్పుడో అయిపోయి ఉంటుంది. పైగా పింఛనిచ్చే సోషల్ సెక్యూరిటీ, ఆరోగ్య బీమా అయిన మెడికేర్ పెద్దల నెలసరి బతుకుతో ముడిపడినవి.

సెన్సస్ బ్యూరో సర్వే ప్రకారం 2020 నవంబరు ఎన్నికల్లో 18-24 ఏళ్లవారిలో సుమారు 51 శాతం, 65-74 ఏళ్లవారిలో 76 శాతం ఓటేశారు. ఊరంతా కదిలే ఎన్నికలోనే ఇంత తేడా. ప్రైమరీకి వచ్చేదే కొద్దిమంది, అందులో పెద్దల వాటా ఇంకా బరువెక్కుతుంది.

పొరపడే చోట్లు

అమెరికా 26వ సవరణ, మన 61వ సవరణ (1988) రెండూ 21ని 18 చేసినవే. పోటీ పరీక్షల బిట్లలో అంకెలు తారుమారు చేసి అడుగుతారు. గ్రీన్‌కార్డు మీద పిల్లల దగ్గరుంటున్న మన తల్లిదండ్రులకు ప్రైమరీ ఓటు ఉండదు, పౌరసత్వం కావాలి. అభ్యర్థి ఎంపిక మొదలయ్యే తొలి రాష్ట్రం ఏదన్న ప్రశ్నకు పార్టీ చూసుకుని జవాబు రాయండి: 2024లో రిపబ్లికన్లు అయోవాతోనే మొదలుపెట్టారు, డెమొక్రటిక్ పార్టీ అధికారికంగా సౌత్ కరోలినాను ముందుకు తెచ్చింది.